సోఫా మేకులు, స్ప్రింగులకు ఫ్రైట్ క్లాస్ ఎలా చూడాలి?

అమెరికాలో సోఫా మేకులు, స్ప్రింగులు అన్నీ ఒకే ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) మీద పంపేటప్పుడు ఏ ఫ్రైట్ క్లాస్ (రవాణా ఛార్జీ కోసం సరుకుకిచ్చే వర్గం) రాయాలి, ఎలా ప్యాక్ చేయాలి అన్నది మీ ప్రశ్న. అక్కడ 50 నుంచి 500 దాకా 18 క్లాసులున్నాయి. వాటిని తేల్చేది ప్రధానంగా సాంద్రత. పేర్చే వీలు, ఎత్తిదించే కష్టం, పాడయ్యే ప్రమాదం కూడా చూస్తారు.

ప్యాలెట్‌తో కలిపే కొలవండి. 48×40 అంగుళాల ప్యాలెట్ మొత్తం 36 అంగుళాల ఎత్తుంటే 40 ఘనపుటడుగులు; బరువు 600 పౌండ్లయితే సాంద్రత ఘనపుటడుగుకు 15 పౌండ్లు. సాంద్రత పెరిగేకొద్దీ క్లాస్ తగ్గుతుంది, ఛార్జీ కూడా. కాయిల్ స్ప్రింగులు చోటంతా తినేస్తాయి కాబట్టి నొక్కి కట్టాల్సిందే.

మేకుల్ని మాత్రం దయచేసి పెద్ద పెట్టెలో నింపకండి, అడుగు ఊడిపోతుంది. మందపాటి సంచుల్లో పోసి, చిన్న డబుల్‌వాల్ (గోడలు రెండు పొరలుండే) అట్టపెట్టెల్లో కదలకుండా సర్దండి. బరువైనవి అడుగున, ఏదీ ప్యాలెట్ అంచు దాటకుండా.