పక్కింటి వాటాదారు సంగతి సరే, ఇంటి ఖర్చు మాటేమిటి?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. మాది ఒంగోలు. మా అబ్బాయి నెలజీతం ఉద్యోగం వదిలేసి, నాతో మాట మాత్రమైనా చెప్పకుండా, పక్కింటాయనతో వాటా కలిసి కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు కౌలుకు తీసుకున్నాడు. ప్రహరీగోడ తగాదా నాటి నుంచి ఆయనకూ మాకూ మాటల్లేవు. ఇప్పుడు ఇల్లు హామీ పెట్టి అప్పుపత్రాల మీద సంతకం చేయమంటున్నాడు. లేదా నా 18 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోంచి 10 లక్షలు ఇమ్మంటున్నాడు. అదీ కాదంటే నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తాడట. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో పక్కింటాయన మీద కినుక ఉంది, అబ్బాయి మీద కోపం ఉంది, ఇక నుంచి కోడలికీ ఇద్దరు పిల్లలకూ నెలనెలా ఇల్లు గడిచేది దేనితో అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. వాటాదారు మంచివాడా కాదా అని ఇంటిల్లిపాదీ తర్కించుకుని, ఈ ఒక్కటీ అడగకుండా వదిలేయడం నేను తరచుగా చూసే పొరపాటు.

రొయ్యల సాగులో డబ్బు నెలనెలా రాదు. చెరువులో రొయ్యపిల్ల వదిలిన మూడు నాలుగు నెలలకు పట్టుబడి. అంతవరకూ మేత, కరెంటు, కూలీలు అన్నీ ఖర్చులే. తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు కనిపిస్తే యాభై అరవై రోజులకే చెరువు పట్టేయవలసి వస్తుంది, కిలోకు వంద తూగే చిన్న రొయ్యకు ముప్పై తూగే పెద్ద రొయ్య ధర ఎవరూ ఇవ్వరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినట్లు, జబ్బు లేకపోయినా ధర పడిపోయే రోజులుంటాయి. అందుకే జీతగాళ్లకు చెప్పే ఆరు నెలల అత్యవసర నిధి ఇక్కడ చాలదు. ఒక పంట పోయి రెండోది చేతికందేదాకా, అంటే కనీసం ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. నెలకు 35 వేలనుకున్నా 4 లక్షల 20 వేలు. మీరు సాయం చేయదలిస్తే చెరువుకు కాకుండా ఇంటికి చేయండి: ఆ మొత్తాన్ని కోడలి పేరిట డిపాజిట్ చేసి, మేత బాకీ ఎంత ఒత్తిడి చేసినా దాన్ని కదపరాదని అబ్బాయికి ముందే చెప్పండి.

ఇల్లు హామీ పెట్టే ఆలోచన మానుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, పత్రంలో వేరే షరతు లేకపోతే, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం; సంతకం మొహమాటానికి చేశానంటే చెల్లదు. ఇక నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, 10 లక్షల మీద నెలకు 20 వేలు. పట్టుబడి దాకా నాలుగు నెలలకు 80 వేలు వడ్డీకే పోతే, ఆ చెరువు ఎవరి కోసం చేస్తున్నట్లు? ఆ డబ్బు లేనిదే చెరువు నడవదంటే, కౌలు విస్తీర్ణం తగ్గించుకోవాలి తప్ప అప్పు పెంచుకోకూడదు.

పక్కింటాయన గురించి ఒక్క మాట: ఆయన ఎంత నిజాయితీపరుడైనా, 1932 భాగస్వామ్య చట్టం కింద వ్యాపారం కోసం ఆయన చేసిన అప్పుకు మీ అబ్బాయి కూడా పూర్తిగా బాధ్యుడే. ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయించుకోవాలి, బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతోనే నడవాలి. వ్యాపార అప్పు సాధారణంగా సొంత ఆస్తి దాకా రాని పరిమిత బాధ్యత భాగస్వామ్యం (ఎల్ఎల్‌పీ) సంగతి ఆడిటర్‌ను అడగవచ్చు. ఉద్యోగంతో పాటు పోయిన ఆరోగ్య బీమాకు బదులు కొత్త పాలసీ ఈ నెలలోనే తీసుకోవాలి.

కోపం పక్కన పెట్టి, ముందుగా అబ్బాయిని ఒక విషయం అడిగి తెలుసుకోండి: మేత అరువుకు ఇచ్చిన డీలరు చేతిలో సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఉన్నాయా, ఉంటే ఎన్ని, ఏ ఖాతావి?