పదమూడు భయాన్ని నోరు తిరిగేలా పలకడం

విజయనగరం

అమ్మలూ,

నీ సెమినార్లో ట్రిస్కైడెకఫోబియా దగ్గరే నాలుక తడబడుతోందని రాశావు. పదమూడు అంకె అంటే భయం, అంతకుమించి అందులో ఏటీ లేదు. చాలామంది దాన్ని ట్రిస్కా, ఇడె, కఫో అని ఎక్కడపడితే అక్కడ తుంపేస్తారు. అలా తుంపిన ముక్కలకి అర్థం ఉండదు, అందుకే గుర్తుండదు. గ్రీకులో ట్రిస్ మూడు, డెక పది, ఫోబోస్ భయం. మధ్యలో కై ఆ రెండంకెల్నీ కలుపుతుంది. మనం ‘మూడూ పదీ’ అన్నప్పుడు దీర్ఘాలు చేసే పనే. మన త్రయోదశి కూడా త్రయః, దశ కలిసినదే. గ్రీకు, సంస్కృతం ఒకే భాషాకుటుంబం కాబట్టి డెకకీ దశకీ చుట్టరికం ఉంది. త్రయోదశిలో లేనిది కై ఒక్కటే, మనవాళ్ళు మింగేసేదీ దాన్నే.

ఇంగ్లీషులో ఏడు సిలబుల్స్: ట్రిస్, కై, డె, క, ఫో, బి, య. బళ్ళో నేర్చిన గురులఘువుల లెక్క ఇక్కడికి తేకు. అసలు ఊనిక ఫో మీద. డె మనకి లఘువే, అయినా దానిమీదా ట్రిస్ మీదా కాస్త బరువు పడుతుంది. పక్కనున్న ‘క’ని సగం నోటితో అనాలి. చివర ‘యా’ అని సాగదీస్తే ఎక్కం అప్పజెప్పినట్టుంటుంది, పొట్టిగా ఆపెయ్. క్లాస్ట్రోఫోబియా, హైడ్రోఫోబియా, ఏదైనా ఊనిక ఫో మీదే. ఫోబిక్ అన్నా మారదు.

సాధన తోకనుంచి మొదలెట్టు. ఫోబియా అయిదుసార్లు, డెకఫోబియా అయిదుసార్లు, తర్వాత కైడెకఫోబియా, ఆఖర్న ట్రిస్ తగిలించు. ముందునుంచి వస్తే ఫో చేరేసరికి ఊపిరి అయిపోయి, ఊనాల్సిన చోటే గొంతు జారిపోతుంది. ఆమదాలవలసలో రైలెక్కితే ఇక్కడ దిగేలోపు వచ్చేస్తుంది. పక్కవాళ్ళు చూస్తే చూడనీ. స్పెల్లింగులో ‘కె’ రెండుసార్లు వస్తుంది, ‘సి’ ఎక్కడా లేదు.

శుక్రవారం పదమూడో తేదీ భయానికి పరస్కెవిడెకట్రియఫోబియా అని పదకొండు సిలబుల్స్‌ది ఇంకోటుంది. పరస్కెవి శుక్రవారం. డెకట్రియ ఇప్పటి గ్రీకులో పదమూడు, మన పదమూడులాగే పది ముందు, మూడు వెనక. తమాషా ఏమిటంటే గ్రీకులు జడిసేది మంగళవారం పదమూడుకి. మంగళవారమే పైడితల్లి పండక్కి సిరిమాను తిరిగే మా ఊళ్ళో ఆ మాటంటే నవ్విపోతారు.

ఆసుపత్రి కేస్ షీటులో మాత్రం ఈ పేర్లు వెతక్కు. అక్కడ డాక్టరు రాసేది స్పెసిఫిక్ ఫోబియా అనే. దేనికి భయమో పక్కన మామూలు మాటల్లో ఉంటుంది.

మావయ్య