దాచడం దొంగపనా?

ప్రశ్న: లైనక్స్ ల్యాబ్ కోసం, ఫైళ్లు రాసి దిద్దుకునే వీఐ (vi) ఎడిటర్ గురించి తెలుగులో నోట్సు రాస్తున్నాను. సేవ్ చేయడాన్ని ‘దాచు’ అని రాస్తే, “ఫైలును ఎవరికీ కనపడకుండా దాస్తావా సామీ?” అని తోటివాళ్లు నవ్వుతున్నారు. ‘భద్రపరచు’ అనే రాయాలా? క్విట్‌కు ‘నిష్క్రమించు’ సరిపోతుందా?
– ఒక కంప్యూటర్ లెక్చరర్, కడప

జవాబు: కడపలో ఉండి ‘దాచు’కు నవ్వడమా! మీ తాళ్లపాక అన్నమయ్య “దాచుకో నీ పాదాలకు దగ నే జేసిన పూజలివి” అని తన పాటలన్నీ స్వామికే అప్పజెప్పాడు. ఎవరి కంటా పడకుండా దాచుకోమనా దానర్థం? అదే కీర్తనలో “వొక్క సంకీర్తనె చాలు వొద్దికై మమ్ము రక్షించగ, తక్కినవి భండారాన దాచి వుండనీ” అన్నాడు. కాపాడడానికి ఒక్కటి చాలు, మిగతావి అక్కడ ఉండనీ అని. ఆ భండారం ఒట్టి కవిత్వం కాదు, తిరుమల గుడిలో నిజంగానే ఉండేది. రాగిరేకుల మీద చెక్కించిన పాటలను అందులో పెట్టారు కాబట్టే ఇరవయ్యో శతాబ్దంలో అవి మన చేతికొచ్చాయి.

కాగు, కాచు లాంటిదే దాగు, దాచు జంట. దాగినవాణ్ని వెతకాలి, దాచినది అవసరమైనప్పుడు తీసుకోవడానికే. కూతురి పెళ్లికని డబ్బు దాచేవాణ్ని మీ మిత్రులు దొంగ అంటారా? దాపరికమనే అర్థమూ ఉంది, కాదనను. ‘భద్రపరచు’ తప్పు కాదు గానీ, సంస్కృతం తగిలిస్తే తప్ప శాస్త్రంలా కనపడదనే పిచ్చి ఈమధ్య మరీ ముదిరింది.

ఇంతా చెప్పి, మీ ఎడిటర్‌కు ‘దాచు’ కూడా అంత అతకదేమో అనిపిస్తోంది. ఎస్కేప్ నొక్కి, కోలన్ పెట్టి కొట్టే డబ్ల్యూ ‘సేవ్’ కాదు, ‘రైట్’ (write). వీఐ కన్నా ముందున్న ఈడీ ఎడిటర్ నుంచీ అంతే. టైపు చేసిన మార్పులు, ఆ డబ్ల్యూ కొట్టాకే అసలు ఫైలుకెక్కుతాయి. అక్కడ ‘రాయి’ అంటే తేలిక. డబ్ల్యూక్యూ ‘రాసి బయటికి రా’. మార్పులు రాయకుండా ఒట్టి క్యూ కొడితే మొరాయిస్తుంది. క్యూ పక్కన ఆశ్చర్యార్థకం పెడితే రాయకుండానే బయటికి వదులుతుంది, చేసిన మార్పులు పోతాయి. ఈ ముక్క పిల్లలకు ముందే చెప్పండి.

‘నిష్క్రమించు’ను నాటకాల్లో పాత్రలకు వదిలేయండి. ‘బయటికి రా’ చాలు, ‘మూసేయి’ అన్నా నాకు అభ్యంతరం లేదు. పిల్లలు “సేవ్ చేసి క్విట్ అయినాం సార్” అంటే మాత్రం దిద్దకండి, మార్కులు అసలే కోయకండి.