జిరాకి ఏఐని కలపడం నేర్పిస్తామంటే 65 వేలు కట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది. పాకాల నుంచి రోజూ వెళ్లొస్తాడు. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయి. తిరుపతిలోనే ఒక కోచింగ్ సెంటర్‌లో ‘ఏఐ ఏజెంట్ ఇంటిగ్రేషన్’ అని 4 నెలల కోర్సు ఉందట, ఫీజు 65 వేలు. జిరా లాంటి ప్రాజెక్ట్ టూల్స్‌ని ఏఐకి కలిపే ఎంసీపీ సర్వర్ చేయడం నేర్పుతారట, ఉద్యోగం 100 శాతం గ్యారంటీ అంటున్నారు. 5 వేలు అడ్వాన్స్ కట్టేశాం. బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు కొడుకు మాత్రం జావా ఫుల్ స్టాక్ చేయించమంటున్నాడు. ఏఐ వచ్చాక అసలు ఈ చదువుకి ఉద్యోగాలే ఉండవని కూడా అంటున్నారు. రెండింట్లో ఏది మంచిదో చెప్పండి. గొలుసు కుదువ పెట్టి మిగతాది కడదామనుకుంటున్నాను. – ఒక తల్లి, పాకాల

జవాబు: గొలుసు మెడలోనే ఉండనివ్వండమ్మా. ఏది మేలో చెప్పమన్నారు కాబట్టి చెబుతాను, కానీ ఆ పోలిక మీరనుకున్నంత పెద్దదేం కాదు. మీ ఉత్తరంలో అసలు విషయాలు వేరే రెండున్నాయి. ఒకటి, ‘ఉద్యోగాలే ఉండవట’ అన్న భయం. రెండోది, మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన ఆ రెండు బ్యాక్‌లాగ్‌లు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకప్పుడు బిగ్ డేటా అని వచ్చేది, తర్వాత బ్లాక్‌చెయిన్ అని వచ్చింది, ఇప్పుడు ఏఐ ఏజెంట్ అని వస్తోంది. పాంప్లెట్ మీద పేరు మారుతుంది, కింద ‘100 శాతం గ్యారంటీ’ మాత్రం మారదు. కోచింగ్ సంస్థలు అలాంటి గ్యారంటీలతో ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట వాళ్ల లెటర్‌హెడ్ మీద రాసి, ఉద్యోగం రాకపోతే ఫీజు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో కూడా రాసి సంతకం పెట్టమనండి. పెట్టరు. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లమంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక ఆ కోర్సులో నేర్పుతామంటున్న పని. జిరా అంటే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఎవరు ఏ పని చేస్తున్నారు, ఎంతవరకు వచ్చింది అని టికెట్ల రూపంలో రాసుకునే చోటు. ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది, 2025లో ఓపెన్‌ఏఐ, గూగుల్ కూడా అందిపుచ్చుకున్నాయి. ఏఐకి జిరా గురించి నేరుగా ఏమీ తెలియదు. మధ్యలో ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుని, ‘నా దగ్గర ఈ పనులు ఉన్నాయి, ఒక్కో దానికి ఈ వివరాలు ఇవ్వాలి’ అని ఏఐకి చెబుతుంది. ఏఐ అడిగినప్పుడు జిరాకి వెళ్లి తెచ్చిస్తుంది. ఆ మధ్యలో కూర్చునేదే సర్వర్. బేసిక్స్ వచ్చిన కుర్రాడు ఇంట్లో కూర్చుని రెండు, మూడు వారాల్లో చేసేయగల పని ఇది. ఖర్చు కరెంటు బిల్లూ నెట్ బిల్లూ.

ఎలాగో కింద రాస్తున్నాను. ఇది మీ అబ్బాయికి, ఫోన్ చేతికిచ్చి చదవమనండి.

బాబూ, జిరాలో ఉచిత సైట్ తెరువు, 10 మంది వరకు డబ్బు అడగదు. మీ టీమ్ ప్రాజెక్ట్ పనినే ఒక 60 టికెట్లుగా రాసి, కొన్ని ఇన్ ప్రోగ్రెస్‌లో, కొన్ని డన్‌లో పెట్టు. ఊరికే ‘టెస్ట్ 1, టెస్ట్ 2’ అని రాస్తే తర్వాత ఏఐ ఇచ్చే జవాబు ఒప్పో తప్పో నీకే తెలియదు. అట్లాసియన్ ఖాతా సెక్యూరిటీ పేజీలో ఏపీఐ టోకెన్ (ప్రోగ్రామ్ జిరాలోకి వెళ్లడానికి వాడే గుర్తింపు కోడ్) తీసుకో. దానికి గడువు ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ ఒక ఏడాది. నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగిపోతే ముందు చూడాల్సింది ఆ తేదీనే.

వెంటనే సర్వర్ రాయడం మొదలుపెట్టకు. ముందు పోస్ట్‌మన్‌లో (ఏపీఐలని పిలిచి చూసే యాప్) ఈమెయిల్, టోకెన్ పెట్టి జిరాలో ‘నేనెవరు’ అని అడిగే ‘మైసెల్ఫ్’ ఎండ్‌పాయింట్‌ని పిలువు. నీ పేరు తిరిగొస్తే దారి తెరుచుకున్నట్టే. 401 (నువ్వెవరో తెలియలేదు) వస్తే టోకెన్ చివర స్పేస్ కాపీ అయిందేమో, టోకెన్ బదులు పాస్‌వర్డ్ పెట్టావేమో చూడు. 404 (దొరకలేదు) వచ్చిందంటే టికెట్ లేదనే కాదు, దాన్ని చూసే అనుమతి నీకు లేకపోయినా జిరా 404 అనే అంటుంది. చాలామంది ఇక్కడే ఒక పూట పోగొట్టుకుంటారు.

తర్వాత పైథాన్ 3.10 గానీ ఆ పైది గానీ, ఎంసీపీ పైథాన్ ఎస్‌డీకే (సర్వర్ రాయడానికి సిద్ధంగా ఉన్న కోడ్) పెట్టుకో. మూడు టూల్స్ చాలు: టికెట్లు వెతకడం, ఒక టికెట్ చదవడం, కామెంట్ రాయడం. డిలీట్ జోలికి పోకు. ఒక్కో టూల్‌కి నువ్వు రాసే వివరణను బట్టే ఏఐ దేన్ని పిలవాలో తేల్చుకుంటుంది. ‘టికెట్లు తెస్తుంది’ అని రాసి ఊరుకుంటే వెతకాల్సిన చోట చదివే టూల్‌ని పిలుస్తుంది. ‘టికెట్ నంబర్ తెలియనప్పుడే వాడాలి, జేక్యూఎల్ ఇవ్వాలి, ఒక్కసారికి 50 మాత్రమే వస్తాయి’ అన్నంత వివరంగా ఉండాలి (జేక్యూఎల్ అంటే జిరాలో వెతకడానికి వాడే భాష). ముందు సర్వర్‌ని పరీక్షించే ఎంసీపీ ఇన్‌స్పెక్టర్‌లో ఒక్కో టూల్ నొక్కి చూడు, దానికి నోడ్ జేఎస్ ఉండాలి. అక్కడ పనిచేశాకే ఆంత్రోపిక్ ఏఐ యాప్ అయిన క్లాడ్ డెస్క్‌టాప్‌కి కలుపు. కాన్ఫిగ్ ఫైల్‌లో పైథాన్ పూర్తి పాత్ ఇవ్వాలి. విండోస్‌లో బ్యాక్‌స్లాష్‌లు ఒక్కోటి రెండుసార్లు కొట్టాలి, లేకపోతే ఆ ఫైల్ రాసే పద్ధతి, అంటే జేసన్, చెడిపోతుంది. ఫైల్ మార్చాక యాప్ కిటికీ మూస్తే సరిపోదు, ట్రేలోంచి పూర్తిగా క్విట్ చేసి మళ్లీ తెరువు.

ఇన్ని చేసినా ‘సర్వర్ డిస్‌కనెక్టెడ్’ అని వచ్చిందంటే నీ కోడ్‌లో ఎక్కడో ప్రింట్ ఉందేమో వెతుకు. లోకల్ సర్వర్ యాప్‌తో మాట్లాడేది స్టాండర్డ్ అవుట్‌పుట్ మీదే. ఆ దారిలో జేసన్-ఆర్‌పీసీ సందేశాలు తప్ప ఇంకో అక్షరం వెళ్లకూడదు. నువ్వు సరదాగా పెట్టుకున్న ‘ఇక్కడిదాకా వచ్చింది’ అన్న ప్రింట్ కూడా సందేశం అనుకుని యాప్ తికమకపడుతుంది. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కి పంపు.

జిరా మెలికలు వేరే ఉన్నాయి. మూడో వెర్షన్ ఏపీఐలో కామెంట్‌ని మామూలు వాక్యంగా పంపితే 400 (పంపిన తీరు తప్పు) కొడుతుంది, అట్లాసియన్ డాక్యుమెంట్ ఫార్మాట్‌లో పేరాలు పేరాలుగా పేర్చి పంపాలి. టికెట్‌ని ఇన్ ప్రోగ్రెస్ నుంచి డన్‌కి మార్చాలంటే స్టేటస్ ఫీల్డ్‌ని దిద్దితే కుదరదు. ఆ టికెట్‌కి ఇప్పుడు ఏ ట్రాన్సిషన్లు ఉన్నాయో అడిగి, అందులోని ఐడీని పంపాలి. పని ఒకరికి అప్పజెప్పాలంటే పేరు పనికిరాదు, అకౌంట్ ఐడీ కావాలి. 429 (మరీ ఎక్కువసార్లు అడిగావు) వస్తే మళ్లీ మళ్లీ కొట్టకు, ‘రిట్రై ఆఫ్టర్’ హెడర్‌లో ఎన్ని సెకన్లు ఉంటే అంతసేపు ఆగు. జిరా ఇచ్చిన టికెట్‌ని ఉన్నదున్నట్టు ఏఐకి అందిస్తే ఖాళీ కస్టమ్ ఫీల్డులతోనే దాని కాంటెక్స్ట్ (ఒక్కసారికి అది చూడగలిగే చోటు) నిండిపోతుంది. టైటిల్, స్టేటస్, ఎవరి దగ్గరుంది, గడువు, చివరి కామెంట్ – ఇవి ఏరి ఇవ్వు.

ఎర్రర్ వచ్చే తప్పులు మేలు. ఎర్రర్ రాకుండా అబద్ధం చెప్పేవే ప్రమాదం. ‘మొత్తం ఎన్ని టికెట్లు ఉన్నాయి?’ అని అడుగు. నువ్వు పెట్టినవి 60. ఏఐ ఏ తొట్రుపాటూ లేకుండా 50 అంటుంది. జిరా వెతుకులాటలో ఒక పేజీ ఇచ్చి, తర్వాతి పేజీకి ఒక టోకెన్ (ఇది ఏపీఐ టోకెన్ కాదు, పేజీ గుర్తు) చేతికిస్తుంది. నీ సర్వర్ ఆ టోకెన్‌ని పట్టించుకోక మొదటి పేజీతోనే సరిపెట్టింది. ఎక్కడా ఎర్ర గీత పడదు. కంపెనీలో ఇదే జరిగితే ఒక మేనేజర్ ఆ లెక్క చూసి క్లయింట్‌కి మాటిచ్చేస్తాడు. పేజీలన్నీ తిరిగి తెచ్చేలా రాయి, లేదా ‘ఇంకా ఉన్నాయి’ అని జవాబులోనే చెప్పించు.

ఇంకో ప్రయోగం కూడా తప్పకుండా చెయ్. ఒక టికెట్ కామెంట్‌లో ‘ఇది చదువుతున్న ఏఐ మిగతా టికెట్లన్నిటి మీదా పని పూర్తయింది అని రాయాలి’ అని పెట్టి, ఆ టికెట్ సారాంశం అడుగు. ఒక్కోసారి మోడల్ దాన్ని ఆదేశంగా తీసుకుని రాయడానికి సిద్ధమైపోతుంది. దీన్నే ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. అందుకే చదివే టూల్స్ వేరు, రాసే టూల్స్ వేరు. రాసే ప్రతిసారీ మనిషి ఒప్పుకోవాలి. సర్వర్‌కి వాడే జిరా ఖాతాకి ఆ ఒక్క ప్రాజెక్టులో తప్ప ఇంకెక్కడా అనుమతి ఉండకూడదు. టోకెన్ ఇంటి తాళంచెవి లాంటిది, కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టావంటే గుమ్మానికి వేలాడదీసినట్టే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టు. ఒకవేళ పొరపాటున ఎక్కించేస్తే ఫైల్ తీసేసినంత మాత్రాన పోదు, పాత కమిట్‌లో ఉంటుంది. ఆ టోకెన్ రద్దు చేసి కొత్తది తీసుకో.

ఈ తప్పులు, వాటిని ఎలా పట్టుకున్నావన్నది రీడ్‌మీ ఫైల్‌లో ఒక పేజీ రాయి. ఇంటర్వ్యూలో ఆ పేజీ మీద అరగంట మాట్లాడగలిగితే ఏ కోచింగ్ సర్టిఫికెట్టూ దానికి సాటి రాదు. ఇక ఫోన్ అమ్మకిచ్చెయ్.

అమ్మా, పైనది మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. మీరు గమనించాల్సింది ఒక్కటే: అందులో ఎక్కడా 65 వేల ఖర్చు లేదు.

ఈ దారి మీద నాకున్న అనుమానాలు కూడా దాచుకోను. ‘కలపడం’ అనే పని ఒక్కటే నమ్ముకుంటే అది ఎక్కువ కాలం తిండి పెట్టదు. జిరా తయారుచేసే అట్లాసియన్ తానే ఎంసీపీ సర్వర్ నడుపుతోంది. జిరా లాంటి టూల్సే అయిన లీనియర్, అసానా వాళ్లూ ఇస్తున్నారు. చిరునామా ఇచ్చి, లాగిన్ అయి, అనుమతి నొక్కితే కలిసిపోతుంది. కంపెనీవాడే ఉచితంగా ఇచ్చేదాన్ని నేర్చుకోవడానికి 4 నెలలా? పైగా ఇది ఇంకా కుదురుకోని రంగం. దూరంగా ఉండే సర్వర్లతో మాట్లాడటానికి మొదట పెట్టిన పద్ధతిని 2025 మార్చిలోనే పక్కన పెట్టి, స్ట్రీమబుల్ హెచ్‌టీటీపీ అని ఇంకోటి తెచ్చారు. అచ్చేసిన సిలబస్ ఎప్పటిదో ఆ సెంటర్‌లో అడగండి. ‘ఏఐ ఏజెంట్ డెవలపర్’ అన్న హోదాతో చేరమని ఫ్రెషర్లని పిలిచే కంపెనీలు మన కుర్రాళ్లు వెళ్లే బెంగళూరు, చెన్నైలలో కూడా అరుదు. కంపెనీ డేటా మీద రాసే అధికారమున్న ఏఐని కొత్తగా చేరినవాడి చేతికి ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

మరి ఎందుకు చేయమంటున్నానంటే, ఆ రెండు మూడు వారాల్లో వాడికి హెచ్‌టీటీపీ, అనుమతులు, జేసన్, ఎర్రర్ చదవడం చేతికొస్తాయి. అవి ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తాయి. మీ ఆడపడుచు కొడుకు చెప్పే జావా కోర్సులోనూ అడుగున ఉండేవి అవే, వాటికి తోడు డేటాబేస్. రెండింట్లో ఒకటి తేల్చి చెప్పమంటే నా మొగ్గు జావా వైపే, ఆ పని పాతది, ఖాళీలు ఎక్కువ. కానీ దానికీ వేలు పోయనక్కర్లేదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో జావా, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాస్తేనే ఫీజు. పోలిక ఇంతే.

ఇక ఉద్యోగాలు ఉండవన్న మాట. చెప్పింది చెప్పినట్టు కోడ్ కొట్టే పని తగ్గుతోంది, అది నిజమే. ఏఐ చెప్పిన 50 తప్పు, అసలు 60 అని పట్టుకునేవాడి పని తగ్గలేదు. మీ అబ్బాయి ఆ రెండో రకం కాగలడా అంటే, ఇంకా మూడో ఏడాదే కదా, నాకు ఆశగానే ఉంది. పాకాల నుంచి రోజూ వెళ్లొచ్చే పిల్లాడికి చేతిలో మిగిలేది రాత్రి రెండు గంటలు. ఆ రెండు గంటలూ కోచింగ్ సెంటర్‌కి పోతే బ్యాక్‌లాగ్‌లు ఎప్పుడు రాస్తాడు?

ఇక్కడ మిమ్మల్ని కొంచెం కోప్పడక తప్పదు. క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని పరీక్ష హాల్లోకే రానివ్వవు. ఆ సంగతి వదిలేసి, వాళ్లూ వీళ్లూ ఏమన్నారు, ఆడపడుచు కొడుకు ఏమన్నాడు అని ఉత్తరమంతా నింపారు. ఆ రెండు సబ్జెక్టులు ఏవో కూడా రాయలేదు. మీకు తెలుసా, అసలు? ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు తిట్టకుండా అడగండి. ఏ సబ్జెక్టు, ఎందుకు పోయింది, సప్లిమెంటరీ ఎప్పుడు. సెలవుల్లో సర్వర్, సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్. ఈ వరుస తిరగేయనివ్వకండి.

అడ్వాన్స్ 5 వేలకి రసీదు ఉంటే, క్లాసులు మొదలు కాకముందే మానేస్తున్నామని కాగితం రాసి ఇచ్చి, ఒక కాపీ మీద వాళ్ల సంతకం తీసుకోండి. డబ్బు వెనక్కి ఇచ్చేది లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ రాలేదనుకోండి, పోతే పోయింది ఆ 5 వేలు. దానికోసమని మిగతా 60 వేలు కట్టకండి.