ఆయన మాటకు మీరెందుకు జవాబుదారీ?

ప్రశ్న: నా భర్తకు 58 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక మూడు వారాలకొకసారి ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు, మాత్రలు కూడా ఇచ్చారు. ఎనిమిది సైకిళ్లలో, అంటే విడతల్లో, అయిదు పూర్తయ్యాయి. డాక్టరుగారి ఎదుట ఎంతో వినయంగా ఉండే ఆయన నర్సులను, ఆయాలను మాత్రం కసురుకుంటారు. మొన్న నరం దొరక్క రెండోసారి సూది గుచ్చిన నర్సును అందరి ముందూ ‘పని రానివాళ్లను పెట్టుకున్నారు’ అన్నారు. ఆయన చూడకుండా వెళ్లి నేనే క్షమాపణ చెప్పి వచ్చాను. పెళ్లయినప్పటి నుంచీ ఆయన తరఫున సర్దిచెప్పడం నాకు అలవాటే. వాళ్లు మనసులో పెట్టుకుని వైద్యంలో తేడా చూపిస్తారేమోనని భయంగా ఉంది. ఏ కానుక ఇస్తే బాగుంటుంది?

సలహా: కానుక సంగతి ముందే తేల్చేద్దాం. రోగుల దగ్గర డబ్బు, విలువైన వస్తువులు తీసుకోకూడదని చాలా ఆసుపత్రుల్లో నియమం ఉంటుంది కాబట్టి, మీరిచ్చేది ఆ అమ్మాయిని ఇరకాటంలో పెట్టవచ్చు. ఆమె పేరు, ఆమె చేసిన పని వివరంగా రాసి నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి, చాలు. ఇక వాళ్లు కక్ష పెట్టుకుంటారన్న మీ అనుమానం మీ భర్త అన్న మాటకేమీ తీసిపోదు. కీమో మందులు పదేపదే వెళ్లేకొద్దీ నరాలు గట్టిపడి సూదికి దొరకవు. కొన్ని మందులు నరం దాటి బయటికి కారితే చుట్టుపక్కల చర్మం దెబ్బతింటుంది కనుక, పని తెలిసిన నర్సు సందేహం వచ్చినచోట ఆపి మరోచోట చూస్తుంది. ఆయన తిట్టింది ఆ జాగ్రత్తనే.

మీ ఉత్తరంలో అసలు విషయం ‘ఆయన చూడకుండా’ అన్న మాటలో ఉంది. ఆయన నోరు జారడం, మీరు వెనకే వెళ్లి తల వంచడం, తన మాట ఎవరికి తగిలిందో ఆయనకు తెలియకుండానే రోజు గడిచిపోవడం ఇన్నేళ్లుగా మీ కాపురంలో ఒక ఏర్పాటుగా స్థిరపడింది. జబ్బు దాన్ని ఆసుపత్రి దాకా తీసుకొచ్చింది, అంతే. వాంతులు రాకుండా కీమోకు ముందు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల కొందరికి నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది; ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. అయితే డాక్టరును చూడగానే వినయం, ఆయాను చూడగానే కోపం తెప్పించే మందు మాత్రం నాకు తెలిసి లేదు.

ఈ ఏర్పాటు ఆయన వైద్యానికే చేటు. ఆక్సాలిప్లాటిన్ వల్ల వేళ్లలో తిమ్మిరి వస్తుంది, చల్లని వస్తువు తాకితే సూదులు పొడిచినట్టుంటుంది. తిమ్మిరి ఒక సైకిల్ నుంచి మరో సైకిల్‌కు తగ్గకుండా నిలిచిపోతుంటే డాక్టరు మోతాదు తగ్గిస్తారు, లేదా ఆ మందు ఆపుతారు. లేకపోతే వైద్యం ముగిసినా అది చాలాకాలం వదలకపోవచ్చు. అది బయటపడేది చాలాసార్లు ‘చొక్కా గుండీలు మీరే పెట్టుకోగలుగుతున్నారా’ అని నర్సు అడిగే మామూలు ప్రశ్నలోనే. ఎదుటి మనిషిని పని రానిదని తీసిపారేసిన రోగి ఆ ప్రశ్నకు నిజం చెబుతాడా? కీమో రోజుల్లో జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ అందుకుంటే, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు తగ్గి ఉండే ప్రమాదం వల్ల, అర్ధరాత్రయినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాల్సి ఉంటుంది. అప్పుడు ఫోన్ ఎత్తేది కూడా చాలాచోట్ల నర్సే.

భర్త మంచాన పడితే సేవ చేయడం ధర్మం, అది మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆయన అన్న మాటకు మీరు పదిమందిలో చిన్నబోవడం మాత్రం ఆ ధర్మంలో భాగం కాదని నా గట్టి నమ్మకం. ప్రాణభయంలో ఉన్నవాణ్ణి ఏమీ అనకూడదని మీరు అనుకుంటున్నారు. తప్పు ఎత్తిచూపడానికి కూడా వీల్లేని మనిషిగా ఆయనను చూడటంలో గౌరవం ఏముందమ్మా?

మందు ఎక్కించాక మూడో వారంలో, నీరసం తగ్గిన ఒక పూట, దెప్పిపొడవకుండా చెప్పండి: ‘ఆ రోజు మీరన్న మాటకు నేను వెళ్లి క్షమాపణ చెప్పాను. ఇకమీద చెప్పను. ఆ అమ్మాయితో మాట్లాడాల్సింది మీరే.’ ఆయనకు కోపం వస్తుంది, రానివ్వండి. మాట్లాడటానికి మొహం చెల్లకపోతే సూపరింటెండెంట్‌కు రాసే ఉత్తరంలో నాలుగు వాక్యాలు తన చేత్తో రాయమనండి. ఒప్పుకోకపోతే ఉత్తరం మీ ఒక్కరి పేరుతోనే ఇవ్వండి. ‘మేమిద్దరం’ అని మాత్రం రాయకండి. స్టెరాయిడ్ సంగతి కూడా ఈసారి డాక్టరుగారితో ఆయన వినేలా, ఆయన పక్కనే కూర్చుని చెప్పండి.