కంప్యూటర్ మీది, తాళంచెవి ఎవరిది?

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి అందరికీ మామూలుగా ఇచ్చే అప్‌డేట్లు ఆపేసింది. అప్పటి నుంచి నాకు వస్తున్న మెయిళ్లలో ఊళ్లు మారుతున్నాయి, ప్రశ్న మాత్రం ఒక్కటే: కంప్యూటర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి, విండోసా, ఆపిల్ మ్యాకా, ఉచితంగా దొరికే లైనక్సా? వాటిలో నాలుగింటికి ఈ వారం జవాబులు.

*నా డెస్క్‌టాప్ 2016లో కొన్నది. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. చక్కగా నడుస్తోంది కానీ విండోస్ 11 ఎక్కదంటోంది. షాపులో రూ.800 ఇస్తే ఎక్కిస్తామంటున్నారు. ఎక్కించుకోనా, లైనక్స్‌కు మారనా? (నరసరావుపేట)*

ఎక్కించుకోవద్దు. మీ మెషీన్‌లో లోపమేమీ లేదు. విండోస్ 11 టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్‌నూ, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్‌నూ అడుగుతుంది. రహస్య కీలను విడిగా ఒక చిప్‌లో దాచడం మంచి ఆలోచనే. కానీ విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబర్‌లో. 2017లో ఏడో తరం కంప్యూటర్ కొన్నవాళ్లలో దాదాపు అందరికీ నాలుగేళ్లకే తలుపు మూసేశారు. ఇంకా పనిచేసే పెట్టెను పాత సామాన్లలో పడేయించే ఈ నియమం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

షాపువాళ్లు ఆ తనిఖీని తప్పించి ఎక్కిస్తారు. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. ఇలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మాత్రం లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. అయినా నా అసలు భయం అది కాదు, ఆ రూ.800. ఒరిజినల్ లైసెన్స్ ఆ ధరకు రాదు.

ఈమధ్య ఒక రిపేర్ షాపులో పక్కన కూర్చుని మొత్తం చూశాను. కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ ఎక్కించాడు. తర్వాత మొట్టమొదట చేసిన పని విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌లో రియల్‌టైమ్ ప్రొటెక్షన్ ఆపేయడం. ఒక ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే డిఫెండర్ తనిఖీ చేయని జాబితాలో చేర్చి, అందులోంచి యాక్టివేటర్ నడిపాడు. లైసెన్స్ లేని విండోస్‌ను ఒరిజినల్‌లా చూపించే ప్రోగ్రామ్ అది. నల్లటి విండో ఒకటి తెరుచుకుని మూసుకుంది, యాక్టివేట్ అయిపోయింది. అతను ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ చేశాడు కానీ ఆ ఎక్స్‌క్లూజన్ తీయలేదు. ఇక ఆ ఫోల్డర్‌లో ఏం దిగినా యాంటీవైరస్ అటు చూడదు. తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని అన్నట్టే. ఆ యాక్టివేటర్‌ను ఎవరు తయారు చేశారని అడిగితే అతనికీ తెలియదు. వెళ్లేముందు కస్టమర్‌కు ఒక సలహా కూడా ఇచ్చాడు: "అప్‌డేట్లు ఆఫ్ చేసేశా సార్, ఆన్ చేస్తే యాక్టివేషన్ పోద్ది."

ఆ సలహా ఖరీదెంతో 2017లో చూశాం. ఆ ఏడాది మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడి మొదలైంది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ (దాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. రెండు నెలలు చేతిలో ఉన్నా వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి.

కొత్త ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఇంకో గండం ఉంది. ఈ మధ్య దీని గురించే ఎక్కువ మెయిళ్లు వస్తున్నాయి. విండోస్ 11 హోమ్ సెటప్ మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. మీరు అక్కడ లేకపోతే షాపువాళ్లు తమ మెయిల్ ఐడీతో సైనిన్ చేసి ముగించేస్తారు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఎక్కిస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా తాళం పడుతుంది. దాని రికవరీ కీ సైనిన్ చేసిన అకౌంట్‌లోకే వెళ్తుంది, అంటే షాపువాళ్ల అకౌంట్‌లోకి. మదర్‌బోర్డ్ మార్చినప్పుడో, బయోస్ అప్‌డేట్ అయినప్పుడో ఒక నీలి తెర వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇదే జరిగింది. పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. షాపు ఖాళీ చేసి వెళ్లిపోయారు, ఫోన్ ఎత్తరు. ఆ తల్లి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని "ఇంకే దారీ లేదా అండీ?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎన్‌క్రిప్షన్ పని చేయాల్సినట్టే పని చేసింది. కానీ ఇంటివాళ్లకు ఒక్క మాటైనా తెలిసేలా చెప్పకుండా ఇంత పెద్ద తాళం వేయడం డిజైన్ తప్పే. మీరు ఈరోజే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి అక్కడున్న మెయిల్ ఐడీ మీదో కాదో చూసుకోండి. మీదే అయితే బ్రౌజర్‌లో ఆ అకౌంట్‌లోకి వెళ్లి, రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఇక మీ డెస్క్‌టాప్ సంగతి. విండోస్ 10లోనే ఉంటూ 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు పొందే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ లింక్ ఉంటుంది. ఈలోపు లైనక్స్‌లో ఒక రకమైన మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచే కంప్యూటర్‌ను బూట్ చేసి చూడండి. వైఫై, ప్రింటర్, సౌండ్ పనిచేస్తే మారిపోండి. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లున్నాయి, మీ మెషీన్‌కు అది సరిపోతుంది. లెక్కలకు ట్యాలీ వాడేవాళ్లు మాత్రం మారకండి, అది విండోస్‌దే. టెండర్లకు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లు దాని డ్రైవర్ లైనక్స్‌కు ఉందో లేదో ముందే కనుక్కోండి.

*మాది డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లతో పని. లైనక్స్ ఉచితం కదా, మారితే ఎలా ఉంటుంది? (విజయవాడ)*

మారితే మర్నాడే పని ఆగిపోతుంది. ఆ రెండూ లైనక్స్ కోసం చేసినవి కావు. పాత మెషీన్‌ను నెట్‌కు కలపకుండా డీటీపీకే ఉంచండి, మెయిల్‌కూ బ్యాంకుకూ వేరే కంప్యూటర్ వాడండి.

కానీ ఈ ప్రశ్న చూస్తే నాకు వేరే బాధ. అనూలో కొట్టిన పెళ్లిపత్రిక మ్యాటర్‌ను వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి, అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఎందుకంటే లోపల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. ఫాంట్ తీసేస్తే తెలుగే ఉండదు. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ తెలుగు ఫాంట్లు, కీబోర్డులు ఉన్నాయి. విండోస్‌లో 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డ్ కూడా ఇస్తున్నారు. అయినా మన పుస్తకాలు, సావనీర్లు, ఊరి చరిత్రలు ఇంకా ఆ పాత పద్ధతిలోనే కంపోజ్ అవుతూ, వెతికినా దొరకని ఫైళ్లుగా హార్డ్‌డిస్కుల్లో మగ్గుతున్నాయి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ గొప్పదని వాదించుకునే మనం దీని గురించి ఎందుకు మాట్లాడం? మీ పాత ఫైళ్లను ఇప్పటి నుంచే కొన్ని కొన్ని యూనికోడ్‌లోకి మార్చండి. కొత్త పని ఇన్‌డిజైన్‌లోనో, ఉచితంగా దొరికే స్క్రైబస్ కొత్త వెర్షన్‌లోనో మొదలుపెట్టండి. అలా చేస్తే అయిదేళ్ల తర్వాత ఏ సిస్టమ్‌కు మారాలన్నా మీ పని మీతో వస్తుంది.

*సత్య నాదెళ్ల మనవాడు. ఆ నమ్మకంతో విండోస్‌లోనే ఉండొచ్చు కదా? (వరంగల్)*

ఆయన హైదరాబాద్‌లో చదువుకుని, 2014లో మైక్రోసాఫ్ట్‌కు సీఈఓ కావడం నాకూ గర్వమే. కానీ మన డేటా విషయంలో ఆ గర్వం పనికిరాదు. 2024 మేలో ఇదే కంపెనీ రీకాల్ అనే ఫీచర్ ప్రకటించింది. కొన్ని సెకన్లకోసారి మీ స్క్రీన్‌ను ఫొటో తీసి దాచుకుంటుంది. ఆ సమాచారాన్ని సులువుగా దొంగిలించవచ్చని నిపుణులు చూపించాక వాయిదా వేసి, మార్పులు చేసి, మీరు కావాలంటేనే ఆన్ అయ్యేలా 2025లో విడుదల చేశారు. ఆన్ చేయమంటారా అని అడిగితే వద్దనండి.

లైనక్స్ అయితే కళ్లు మూసుకుని నమ్మొచ్చనీ కాదు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌లోకి దొంగలు చొరబడి, డౌన్‌లోడ్ ఫైల్ స్థానంలో వెనుకదారి పెట్టిన ఫైల్‌కు లింక్ ఇచ్చారు. మింట్ బృందమే ఆ సంగతి బయటపెట్టింది. అందుకే డౌన్‌లోడ్ చేశాక చెక్‌సమ్‌తో (ఫైల్ మారలేదని చూపే సంఖ్యతో) పాటు తయారీదారుల డిజిటల్ సంతకాన్ని కూడా సరిచూడమంటాను, పది నిమిషాల పని.

*డాలస్ నుంచి వచ్చేస్తున్న మా బావమరిది స్నేహితుడు 2017 మ్యాక్‌బుక్ ఎయిర్‌ను రూ.25 వేలకు ఇస్తానంటున్నాడు. తీసుకోనా? (ఏలూరు)*

వద్దు. ఆ మోడల్‌కు చివరి వెర్షన్ మాంటెరీ, దానికి 2024 తర్వాత ప్యాచ్‌లు లేవు. ఆపిల్ మైక్రోసాఫ్ట్‌లా ముగింపు తేదీ ముందే చెప్పదు. తాజా వెర్షన్‌కూ దాని ముందున్న రెండింటికీ ప్యాచ్‌లు ఇవ్వడం దాని వాడుక, మనమే లెక్క వేసుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ 26 టాహోనే ఆఖరిదని 2025లో చెప్పేసింది. సెకండ్‌హ్యాండ్ కావాలంటే 2020 చివర్లో వచ్చిన, ఆపిల్ సొంత చిప్ ఎం1 ఉన్నది గానీ, ఆ తర్వాతిది గానీ చూడండి. దాన్ని కొనేటప్పుడు అమ్మేవాళ్లు మీ ఎదురుగానే ఫైండ్ మై (పోయిన పరికరాన్ని వెతికి, తాళం వేసే ఆపిల్ సదుపాయం) ఆపి, తమ ఆపిల్ అకౌంట్ నుంచి సైనౌట్ చేసి, మొత్తం ఎరేజ్ చేయాలి. తర్వాత మీ అకౌంట్‌తో సెటప్ పూర్తయి డెస్క్‌టాప్ కనిపించాకే డబ్బు ఇవ్వండి. "ఇంటికెళ్లాక ఫోన్‌లో తీసేస్తాలే" అంటే ఒప్పుకోకండి. బంధువుల మనిషైనా సరే.