మేడ మీద బాత్‌రూమ్‌కు గాలి పైపు దండగా?

ప్రశ్న: కింద ఇల్లు ఉంది. పైన బాత్‌రూమ్, పక్కనే వాషింగ్ మెషీన్‌కు చోటు కడుతున్నాం. కమోడ్ నుంచి నిలువు పైపుకు 3 మీటర్లు. అన్నీ ఒకే 110 ఎం.ఎం. పైపులో కలిపి, పైన మూత వేసేద్దాం, వెంట్ (గాలి) పైపు దండగ అంటున్నాడు మేస్త్రి. నిజమేనా అండీ?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మూత వెయ్యనివ్వకండి. ఫ్లష్ చేసిన నీళ్లు నిలువు పైపులో దిగుతూ వెనకాల గాలిని లాగుతాయి. పైన తెరిచి ఉంటే ఆ గాలి డాబా మీద నుంచి వస్తుంది. మూసేస్తే నహానీ ట్రాప్ (బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయేచోట ఉండే వంపు గిన్నె)‌లో నిలిచిన నీటిని పీల్చేస్తుంది. కంపును ఆపేది 50 ఎం.ఎం. లోతున నిలిచే ఆ నీరే. బుడబుడమని చప్పుడు వస్తోందంటే ట్రాప్ ఖాళీ అవుతోందన్నమాట. ఇక ఫినాయిల్ ఎంత పోసినా వాసన పోదు.

కాబట్టి 110 పైపును సైజు తగ్గించకుండా పైకి తీసుకెళ్లండి. బట్టలు ఆరేసుకునే డాబా అయితే 2 మీటర్ల ఎత్తు ఉండాలి, కొసకు గాలి ఆడే జాలీ టోపీ (కౌల్) పెట్టాలి. కమోడ్ దూరంగా ఉంది గనక దాని దగ్గర నుంచి 50 ఎం.ఎం. గాలి పైపు కూడా తీయండి. అడ్డ పైపు వీపు మీద నుంచే తీయాలి, పక్క నుంచి తీస్తే మురికి చేరి పూడుకుంటుంది. వాష్‌బేసిన్ అంచు ఎత్తు దాటాకే దాన్ని నిలువు పైపులో కలపాలి.

వాటం 40కి 1. మీ 3 మీటర్లకు 7.5 సెంటీమీటర్లు. కంటి అంచనాతో కాదు, లెవెల్ ట్యూబుతో చూడమనండి. మలుపుల్లో ఒక 90 డిగ్రీల బెండు బదులు రెండు 45 డిగ్రీలవి, కింద చేరేచోట తెరిచి శుభ్రం చేసేందుకు తలుపున్న బెండు వేయించండి. కింది ఇంటి కమోడ్‌ను ఈ నిలువు పైపు అడుగున కలపవద్దు. పైనుంచి దిగే నీటి ఒత్తిడి అందులోంచి ఎగదన్నుతుంది. దాన్ని నేరుగా చాంబరుకు పంపండి. డాబా వాన నీళ్లను కూడా ఇందులో కలపవద్దు. 2018 తిత్లీ తుపాను నాటి వాన లాంటిది పడితే పైపు నిండిపోయి మురుగు కింది గదుల్లోకి వస్తుంది.

మెషీన్ నీళ్లు, స్నానం నీళ్లు కమోడ్ పైపులోకి వద్దు. విడిగా 75 ఎం.ఎం. పైపు దింపి, గల్లీ ట్రాప్ (ఇంటి బయట నేలలో ఉండే, నీరు నిలిచి కంపు ఆపే ట్రాప్) మీదుగా ఇంకుడు గుంతకు పంపండి. సెప్టిక్ ట్యాంకులోకి ఒక్కసారిగా దూకే మెషీన్ నీళ్లు అడుగున పేరుకున్న మడ్డిని కలిపి బయటికి తోస్తాయి. ఈ 75 పైపు పై కొస కూడా డాబాపైన తెరిచే ఉండాలి.

మురుగుకు టైప్ బి పైపులే కొనండి, టైప్ ఏ గాలికీ వాననీటికీ. టైల్స్ వేయకముందు కింది మూతి బిగించి నీళ్లు నింపి, అరగంట చూడండి. మట్టం దిగితే జాయింటు కారుతున్నట్టే.

ప్రశ్న: మెషీన్ నీళ్లు వదిలినప్పుడల్లా బాత్‌రూమ్ ట్రాప్‌లోంచి నురగ పొంగుతోంది.
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: మెషీన్ పైపు ట్రాప్‌కు మరీ దగ్గరగా కలిసి ఉంటుంది. దాన్ని విడిగా తీసి, స్నానం నీళ్ల నిలువు పైపులో (కమోడ్ పైపులో కాదు) 45 డిగ్రీల వై ఆకారపు జాయింటుతో కలిపించండి. మెషీన్ దగ్గర 50 ఎం.ఎం. నిలువు గొట్టం, అడుగున పీ ట్రాప్ (నీరు నిలిచే వంపు పైపు) ఉండాలి. హోసును 15 సెంటీమీటర్లు లోపలికి దించితే చాలు, చుట్టూ టేపు చుట్టవద్దు. గాలి ఆడకపోతే మెషీన్‌లో నింపిన నీళ్లు నింపినట్టే జారిపోవచ్చు. ముందు తలుపు మెషీన్ అయితే తక్కువ నురగ వచ్చే పౌడరే వాడండి.